అక్కకొచ్చిన వాగ్దానం

కుళ్ళు గురించి రాయడానికి మా సంఘంలో నాకంటే అర్హత ఉన్నవాళ్ళు లేరు. దాదాపు రెండేళ్ళు ఒకే మనిషి మీద, ఒక్క పూట కూడా మానకుండా కుళ్ళుకున్నాను. ఆ మనిషి మా తోటికోడలు. నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడ నాకు ఏ అన్యాయమూ చెయ్యలేదు. ఆవిడ చేసిన తప్పల్లా ఒకటే. ఆవిడ ప్రార్థన చేస్తే దేవుడు విన్నాడు.

మాది కోనసీమలో కాలవ గట్టు మీద ఊరు. మామగారు పోయాక పెంకుటింటిని అన్నదమ్ములిద్దరికీ చెరిసగం చేసి, మధ్యలో ఒంటి ఇటుక గోడ లేపారు. ముందున్న అరుగు మాత్రం అలాగే ఉంచేశారు. ఒకే అరుగు, రెండు గుమ్మాలు. వాళ్ళ గుమ్మం నుంచి మా గుమ్మానికి పది అడుగులు. గోడ ఎంత పల్చనంటే అటు వాళ్ళు పోపు వేస్తే ఇటు మాకు తుమ్ములొస్తాయి. నేను ఇంట్లోనే మిషను కుడతాను. అన్నదమ్ములిద్దరూ కలిసి ట్రాలీ ఆటో పెట్టుకుని, తోటల్లోంచి అరటి గెలలు రావులపాలెం యార్డుకి చేర్చేవారు. బావగారు తోలేవారు. మా ఆయన పక్కన కూర్చుని దారి పొడుగునా కబుర్లు చెప్పేవారు.

ఒకరోజు పొద్దున్నే లోడుతో వెళ్తుంటే గట్టు మీద గేదె దూడ అడ్డం వచ్చింది. బావగారు పక్కకి తిప్పారు. ఆటో కాలవలోకి బోల్తా కొట్టింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి బావగారి కాలు విరిగి వంకరగా ఉంది, జబ్బ వేలాడుతోంది. మా ఆయనకి ఒంటి మీద గీత కూడా పడలేదు. దేవుడు కాపాడాడు అనుకుంటూ పక్కన కూలబడ్డాను. ఆయన నా మొహంలోకి చూసి, "ఒసేయ్, నా కాళ్ళు ఎక్కడున్నాయే?" అని అడిగారు.

రాజమండ్రి ఆసుపత్రిలో ఇద్దరినీ ఒకే వార్డులో ఎదురెదురు మంచాల మీద పడుకోబెట్టారు. అక్కా నేనూ ఒకే వరండాలో ఒకే చాప మీద మోకాళ్ళూనాం. మా పాస్టరు అయ్యగారు వచ్చి ఒకే సీసాలోని నూనె ఇద్దరి నుదుటా రాశారు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఇద్దరి కోసం ఒకే ప్రార్థన మనవి పెట్టారు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తేడా ఎక్కడొచ్చిందో నేను ఎన్నిసార్లు వెతుక్కున్నానో మీకు తెలియాలి. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "వెన్నులో నరం నలిగిందమ్మా. తెగలేదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. వ్యాయామం మానకండి. తోడు లేకుండా మాత్రం నిలబడనివ్వకండి" అన్నారు. అక్కకి మాత్రం ఆరు వారాలన్నారు, అంతే.

ఆరు వారాలకి బావగారు కర్ర పట్టుకుని లేచారు. మూడో నెలకి కర్ర కూడా వదిలేశారు. తోలినాయన నడిచారు, పక్కన కూర్చున్నాయన మంచం పట్టారు. ఇది నా లెక్కకి ఎంతకీ అందలేదు.

అక్క కృతజ్ఞత కూడిక పెట్టింది. ఇంటి ముందు షామియానా వేశారు, సంఘమంతా వచ్చింది. తోటికోడల్ని కదా, కోడికూర గుండిగ దగ్గర నిలబడింది నేనే. కూర ఉడుకుతుండగా అక్క లేచి మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది. "నేను కన్నీళ్ళతో అడిగానండి. దేవుడు కాదనలేదండి."

అందరూ స్తోత్రం అన్నారు. నాకు ఒళ్ళు భగ్గుమంది. "మరి నేను నవ్వుతూ అడిగానా?" అని పైకే అనేశాను. పక్కన ఉల్లిపాయలు కోస్తున్నావిడ, "ఊరుకోమ్మా, వింటారు" అని నా మోచెయ్యి పట్టుకుంది. వినాలనే అన్నాను. మైకు హోరులో ఎవరికీ వినపడలేదు. అంత కూడికలోనూ బావగారు తల ఎత్తలేదు. అయ్యగారు ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే రాయిలా కూర్చున్నారు, భోజనం సగంలో వదిలేసి పెరటి దారిన వెళ్ళిపోయారు. ఇంత మేలు పొందాక ఆయనకి పొగరు కూడానా అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన మా గుమ్మం తొక్కలేదు. సొంత తమ్ముడు గోడ అవతల మంచం మీద ఉంటే ఒక్కసారైనా వచ్చి చూడలేదు. ఊరంతా తిరిగేవారు, తోటలకి వెళ్ళేవారు, పెరట్లోంచే రాకపోకలు. "కాళ్ళొచ్చిన మనిషికి తమ్ముడెందుకు కనబడతాడు లెండి" అని నేను గొణిగితే మా ఆయన వెంటనే కసిరేవారు. "అన్నయ్యని ఏమీ అనకు. నీకు తెలీదు."

ఇక నా సంగతి. అక్క శుక్రవారం ఉపవాసం ఉంటుందని తెలిసి నేను శుక్రవారంతో పాటు బుధవారం కూడా మొదలుపెట్టాను. ఆవిడ ఆదివారం అరగంట ముందు గుడికి వెళ్తే నేను ముప్పావుగంట ముందు వెళ్ళేదాన్ని. మా ఆయన మంచం మీద నుంచి నవ్వేవారు. "నీ పోటీ సైతానుతోనా, మా వదినతోనా?" ఆయన నోటికి మాత్రం ఏ రోగమూ రాలేదు. నేను మిషను తొక్కుతుంటే, "ఆ జాకెట్టు చెయ్యి పొట్టిగా కోశావు చూడు, ఆవిడ వచ్చి నీ పీక కోస్తుంది" అని ఆటలు పట్టించేవారు. నేను విసుక్కునేదాన్ని. అంతలోనే ఇద్దరికీ నవ్వొచ్చేది.

అక్క రోజూ తెల్లవారగట్ల గోడ వారన చాప వేసుకుని ప్రార్థన చేసేది. ఆవిడ ఏ మాటలతో అడుగుతుందో తెలిస్తే నేనూ ఆ మాటలతోనే అడగచ్చు కదా అని నాకో దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. దేవుడి దగ్గర పనిచేసే మాటలేవో వేరే ఉన్నాయనీ, అవి ఆవిడకి మాత్రమే దొరికాయనీ నిజంగానే నమ్మాను. స్టీలు గ్లాసు గోడకి బోర్లించి, దానికి చెవి ఆనించి వినేదాన్ని. మాటలు తెలిసేవి కావు. ఏడుపు మాత్రం తెలిసేది. అడిగింది చేతిలో పెట్టాక ఈవిడకి ఇంకా ఏడుపేంటి, ఎంత ఆశ అనుకుంటూ గ్లాసు కడిగి అందులోనే కాఫీ తాగేదాన్ని.

జనవరి ఒకటి ఉదయం ఆరాధనలో మా దగ్గర వాగ్దానపు కార్డులు తీస్తారు. పళ్ళెంలో బోర్లా పేర్చి ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. కళ్ళు మూసుకుని ఇంటికొకటి తీసుకోవాలి. ఆ ఏడాదంతా దేవుడు ఆ ఇంటికి చెప్పే మాట అదే. గోడకి అంటించుకుంటాం, కష్టం వస్తే దాని వైపే చూస్తాం. ఆ ఏడాది నేను మూడు రోజులు ఉపవాసం ఉండి వెళ్ళి తీశాను. తిప్పి చూస్తే ఓర్చుకో, కనిపెట్టుకుని ఉండు అనే మాట వచ్చింది. ఇన్నాళ్ళూ నేను చేస్తున్నది మరేంటి తండ్రీ అని అక్కడే అరవబుద్ధేసింది.

బయటికి రాగానే అక్క, "చూడు చెల్లీ, నాకేం వచ్చిందో" అని తన కార్డు చూపించింది. పడినవాణ్ణి లేపి నడిపిస్తానని ఉంది. నడిచే మనిషున్న ఇంటికి నడక కార్డు! అన్నం తిని లేచినవాళ్ళకి మళ్ళీ విస్తరి వేసినట్టు. నా కార్డు ఆవిడకి చూపించలేదు.

ఆరాధన అయ్యాక ప్రేమ విందు. అక్క తన పాటల పుస్తకంలో కార్డు పెట్టి, పుస్తకం నా సంచి పక్కన చాప మీద వదిలి వడ్డనకి వెళ్ళింది. చెయ్యి వణికిందని రాస్తే బాగుంటుంది గానీ, వణకలేదు. జాకెట్టుకి హుక్కు కుట్టినంత సులువుగా ఆ కార్డు తీసి నాది పెట్టాను. తర్వాత రెండు సార్లు సాంబారు పోయించుకుని మరీ తిన్నాను.

ఇంటికొచ్చి ఆ నడక కార్డుని ఆయన మంచానికి ఎదురుగా అంటించి, "మనకొచ్చిన వాగ్దానమండి" అన్నాను. ఆయన రెండు సార్లు చదివారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి వ్యాయామం రెట్టింపు చేశారు. పొద్దున్న లేవగానే ఆ కార్డు చూసేవారు. కుడికాలు బొటనవేలు కదిలినప్పుడు, "చూశావా, మాట నిలబెట్టుకుంటున్నాడు" అన్నారు. నిజం మాత్రం చెప్పలేదు. ఎవరి కార్డయితేనేం, మేలు జరుగుతోందిగా అనుకున్నాను.

మార్చిలో ఒకరోజు లైనింగు గుడ్డా దారాలూ తేవడానికి రావులపాలెం వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అరుగంతా జనం. లోపల ఆయన మంచం మీద ఉన్నారు. గడ్డం చీలి రక్తం, ఎడమ మణికట్టు వాచిపోయి ఉంది. నేను లేనప్పుడు కిటికీ ఊచలు పట్టుకుని ఒక్కరే లేచి నిలబడబోయారట. పడిన చప్పుడు గోడ అవతల అక్కకి వినపడి పరుగున వచ్చిందట, ఆ మనిషిని ఒక్కతే ఎత్తి మంచం మీద వేసిందట.

"ఎవరు లేవమన్నారండీ మిమ్మల్ని? డాక్టరు చెప్పలేదా?" అని అరిచాను.

ఆయన కార్డు వైపు చూపించారు. "వాగ్దానం మనదే కదే. అందుకే ధైర్యం చేశాను."

అక్క ఆ కార్డు కిందే నిలబడి ఉంది, చేతిలో రక్తపు గుడ్డతో. ఆవిడ తలెత్తి కార్డు చూసింది. తర్వాత నన్ను చూసింది. "కట్టు కట్టించాలి, ఆటో పిలుస్తాను" అని వెళ్ళిపోయింది. దొరికిపోయానని భయమేసింది.

చేతికి కట్టు పడ్డాక, మర్నాడు కార్డు గోడ మీంచి తీసి చెంగులో పెట్టుకుని పక్క గుమ్మంలోకి వెళ్ళాను. ఏడాది దాటింది ఆ ఇంట్లో అడుగుపెట్టి. గోడ వారన అక్క ప్రార్థన చాప. దాని పైన, సరిగ్గా కళ్ళకి ఎదురుగా, మెతుకులతో అంటించి ఉంది నా కార్డు. ఓర్చుకోమన్న కార్డు.

"అక్కా, నీది తెచ్చాను" అన్నాను.

"ఆ రోజు ఇంటికొచ్చి పుస్తకం తెరవగానే తెలిసింది" అంది. "పోనీలే, ఆ మాట అవసరం వాళ్ళకే అనుకున్నాను. అడిగితే ఇద్దును కదే. దొంగతనమెందుకు?"

"మరి నన్ను నిలదియ్యలేదేంటక్కా? నాలుగు తిట్టాల్సింది."

"తిడితే నువ్వు నాతో మాట్లాడటం మానేస్తావు. ఇంట్లో ఎలాగూ ఒకరు మానేశారు."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. బావగారు ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ నోరు విప్పడం లేదట. ఏదైనా అడిగితే ఊఁ అంటారు, లేకపోతే అదీ లేదు. ఎదురుగా కూర్చుని తింటారు, లేచి వెళ్ళిపోతారు. "కాళ్ళొచ్చాయి చెల్లీ, మనిషి రాలేదు. తోలింది ఆయన కదా. ఆ కాలవ దాటి ఇవతలికి రాలేకపోతున్నారు. నేను తెల్లారి లేచి ఏడ్చేది దానికే." చాప సర్దుతూ అంది. "సాయంత్రమైతే ఈ గోడకి జారబడి కూర్చుంటాను. మరిది ఏదో అంటాడు, నువ్వు విసుక్కుంటావు, ఇద్దరూ నవ్వుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోయేది. మంచం మీదున్న మనిషితో దానికా నవ్వులేంటి, తిరిగే మనిషితో నాకీ మూగనోమేంటి అని దేవుడితో పోట్లాడేదాన్ని."

నేను స్టీలు గ్లాసు సంగతి చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు పొద్దున్న, నేను సాయంత్రం. ఆ గోడ ఇంకా ఎలా నిలబడిందో" అంది. ఇద్దరం నవ్వలేక ఏడవలేక కూర్చున్నాం. వచ్చేటప్పుడు నా కార్డు మెతుకులతో సహా ఊడదీసి చేతిలో పెట్టింది.

ఆయనకి చెప్పడం ఇంకా మిగిలింది. ఆయన ఎదురుగా ఉన్న ఖాళీ గోడ చూస్తున్నారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అయితే అది మనది కాదా?"

"కాదండి. అక్కది. నేనే మార్చేశాను."

"మనకేం వచ్చింది?"

"ఓర్చుకోమని."

ఆయన మెల్లగా మొహం గోడ వైపు తిప్పుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు మాట్లాడలేదు. రెండో రోజూ మాట్లాడలేదు, వ్యాయామానికి కాలు ఇవ్వలేదు, పెట్టిన ముద్ద సగం మింగారు. మిషను చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ లేదు. నేను జాకెట్టు చేతులు తిన్నగా కోశానో వంకరగా కోశానో చెప్పేవాళ్ళు లేరు. మూడో రోజు తెల్లవారగట్ల మోకాళ్ళూనాను. నడక అడగలేదు. "తండ్రీ, ఇంకేదీ అడగను. ఈ మనిషి నోరు విప్పించు, చాలు" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, గోడ అవతల రెండేళ్ళ నుంచి ఆవిడ అడుగుతున్నదీ ఇదే కదా అని. ఆ ఏడుపునే నేను అత్యాశ అనుకున్నాను. అప్పుడు సిగ్గేసింది. అంతకుముందు భయపడ్డాను గానీ, సిగ్గుపడింది ఆ పూటే.

ఆ సాయంత్రం అరుగు మీద అడుగుల చప్పుడైంది. నాలుగు అడుగులు వేసి ఆగింది. మళ్ళీ రెండు. ఎవరా అని చూస్తే బావగారు. గుమ్మం దగ్గర ద్వారబంధం పట్టుకుని నిలబడ్డారు, కొత్తగా నడక నేర్చుకుంటున్నవాళ్ళలాగ. వెనక వాళ్ళ గుమ్మంలో అక్క నిలబడి ఉంది. గోడ అవతల మూడు రోజులుగా మాట వినపడటం లేదు, వెళ్ళి చూడండి అని ఆవిడే పంపిందని తర్వాత తెలిసింది.

"రండి బావగారూ" అన్నాను. రెండేళ్ళు లోపల తిట్టుకున్న మనిషిని రమ్మనడానికి నాకు కొంచెం టైము పట్టింది.

ఆయన లోపలికి వచ్చి మంచం పక్కన నేల మీద చతికిలబడ్డారు. తమ్ముడి కట్టు కట్టిన చెయ్యి చూశారు, గడ్డం మీద కుట్లు చూశారు. "తోలింది నేను కదరా" అన్నారు. గొంతు తుప్పు పట్టిపోయి ఉంది. "నేను తిప్పబట్టే కదా."

మా ఆయన గోడ వైపే ఉన్నారు. ఇక పలకరు అనుకున్నాను. కాసేపటికి అటు నుంచే మాట వచ్చింది.

"ఆ దూడ ఈపాటికి ఈనేసుంటుంది అన్నయ్యా. నువ్వింకా గట్టు మీదే ఉన్నావా?"

బావగారు మంచం పట్టె మీద తల పెట్టుకుని భోరుమన్నారు. మా ఆయన ఇటు తిరిగి, బాగున్న చెయ్యి ఆయన తల మీద వేశారు. నిజం చెప్పాలి కదా, నాకు ఆ నిమిషంలో కూడా మండింది. మూడు రోజులు నేను కాళ్ళావేళ్ళా పడితే విప్పని నోరు, అన్నగారు వచ్చి ఒక్క మాట అనగానే విప్పారు.

ఇది రాస్తున్నప్పటికి మా ఆయన నడవలేదు. రోజూ పొద్దున్నే బావగారు వస్తారు. ఆయన భుజం పట్టుకుని మా ఆయన నిలబడతారు, నేను అంకెలు లెక్కపెడతాను. నిన్న ఇరవై ఆరు దాకా వెళ్ళింది. నేను పట్టుకుంటే మాత్రం పది కూడా దాటరు, నొప్పి అంటారు. నా కార్డు మంచానికి ఎదురుగా అంటించాను, వెనక అక్క పెట్టిన మెతుకులు ఎండిపోయి అలాగే ఉన్నాయి. ఆదివారం పూట ఎవరైనా లేచి తమ ఇంట్లో జరిగిన మేలు చెబితే నాకు ఇప్పటికీ లోపల చిటుక్కుమంటుంది. దాన్ని కూడా దేవుడికే చెబుతున్నాను, ఇంకెవరికి చెప్పను?

అక్క కార్డు అక్కకి ఇచ్చేశాను. అది మొదట్నుంచీ సరైన ఇంటికే వచ్చింది. రెండేళ్ళు ఊరంతా తిరిగిన మనిషి, ఆ అరుగు మీద పది అడుగులు నడవలేకపోయారు. నేను కార్డు చదివానే గానీ, ఆ ఇంట్లో పడి ఉన్నది ఎవరో చూడలేదు.

బావగారు వచ్చిన సాయంత్రమే ఇంకొకటి జరిగింది. ఆయన వాళ్ళింటికి వెళ్ళాక నేను మిషను ముందు కూర్చున్నాను. పెడలు మీద కాలు పెట్టబోతుంటే గోడ అవతల నుంచి బావగారి గొంతు వినపడింది.

"కూరేంటే ఇవాళ?"

జవాబు లేదు. నేను కాలు ఎత్తేసి ఊపిరి బిగబట్టాను. మా ఆయన మంచం మీద నుంచి మోచేతి మీద లేచి, గోడ అదిరేలా కేకేశారు.

"వదినా, అన్నయ్య అడుగుతున్నాడు! కూరేంటో చెప్పు!"

చాలాసేపటికి అక్క గొంతు వచ్చింది, ముక్కు ఎగబీల్చుకుంటూ.

"వంకాయండి" అంది.